వంటావార్పులో కోసిన వంకాయలు

ఆ రోజుల్లో మా దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున్న లేవగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఇయ్యాల బందుందా?" అనేదే. పాలు, పేపరు, నల్లా నీళ్లు అన్నీ ఆ తర్వాతే. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉంది. బుద్ధున్నవాడైతే ఉన్న ఉద్యోగం చూసుకుని కిక్కురుమనకుండా కూర్చునే కాలం అది. సరిగ్గా అప్పుడే నేనూ మా మేనమామా కలిసి తుర్కయంజాల్‌లో ఎకరం పొలం కౌలుకు పట్టి, మందుల్లేని కూరగాయలు పండిద్దామని దిగాం. నేను చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మామ నల్లగొండ పల్లెలో సేద్యానికి ఓ దండం పెట్టి, పట్నం వచ్చి ఒక లారీ ఆఫీసులో చేరినవాడు. సేద్యమంటే భయం ఉన్నవాడొకడు, సేద్యమే తెలియనివాడొకడు. జోడీ మాత్రం బాగా కుదిరింది.

మందుల్లేని సేద్యం అంటే అందరికీ పచ్చదనం గుర్తొస్తుంది. నాకు వాసన గుర్తొస్తుంది. ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి, పూటపూటా కర్రతో తిప్పి, పులిసిన తర్వాత మొక్కలకు పోయాలి. దాన్ని జీవామృతం అంటారు. మొక్కలకు అమృతమేనేమో గానీ, దాన్ని తిప్పినవాడి పక్కన బస్సులో ఎవరూ కూర్చోరు. క్లాసులో ముందు బెంచీ కోసం కొట్టుకునే పిల్లలు మెల్లగా వెనక్కి జరిగిపోయారు (నా పాఠం వల్లేమోనని కొన్నాళ్లు దిగులుపడ్డాను కూడా). ఇంత చేసినా పురుగులకు మా మీద దయ కలగలేదు. పక్క పొలాల్లో మందు కొడితే చాలు, అక్కడి పురుగులన్నీ దవాఖానకు వచ్చినట్టు మా ఎకరానికే వచ్చేవి. వంకాయలు పైకి నిగనిగలాడేవి. లోపల ఎవరున్నారో కోస్తే గానీ తెలిసేది కాదు.

మేం కిరాయికుండే ఇంటి ఓనరాంటీది గోదావరి జిల్లా. కూతురికి ఏడో నెల. మందులు కొట్టిన కూర పిల్ల నోట్లో పెట్టనని, సీమంతం వంటంతా మా తోట కాయలతోనే అని ఆంటీ తేల్చేసింది. కాలనీ ఆడవాళ్లందరినీ భోజనానికి పిలిచింది. తిన్నవాళ్లు మెచ్చుకుంటే కాలనీ గిరాకీ అంతా మాదే. లేదంటే తోట మూసుకోవడమే. తీరా ముందు రోజు సాయంత్రం బందు పిలుపొచ్చింది. ముహూర్తం మారదు, బందూ మారదు. దుకాణాలు తెరవరు కాబట్టి, మేం తేకపోతే ఆ నిండు చూలాలి పీట ముందు వడ్డించడానికి కూరే ఉండదు. ఆంటీ నా చెయ్యి పట్టుకుని "నీదే భారం నాయనా" అంది. ఆ మాటకు నాకు పొలం మీదున్న ప్రేమంతా ఒక్కసారి దిగిపోయింది.

తెల్లారకముందే వంకాయలు, బెండకాయలు, సొరకాయలు కోసి, మామ ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ట్రాలీ ఆటోలో వేసుకుని బయలుదేరాం. హస్తినాపురం దగ్గర కుర్రాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి, బందునాడు ఈ బండేమిటన్నారు. మామ రెప్ప కొట్టకుండా "ఎల్బీనగర్ల వంటావార్పుకు తమ్మీ, కూరగాయలు" అన్నాడు. వంటావార్పు అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతులు కూర్చుని తినే నిరసన. ఆ మాట వినగానే కుర్రాళ్లు బండికి జెండా కట్టారు, భుజం తట్టారు. "గిట్ల చెప్పాలె, ఇగ మనకు రందే లేదు" అని మామ నాకు తన తెలివి వివరిస్తుండగానే, వాళ్లలో ఒకడు మోటారుసైకిల్ తీసి మా ముందు నడిచాడు. దారి తెలియదేమోనని తోడొచ్చాడు పాపం. తిన్నగా తీసుకెళ్లి ఎల్బీనగర్ చౌరస్తాలో పొయ్యిల పక్కనే నిలబెట్టాడు.

నోరు తెరిచే లోపు సంచులు దిగిపోయాయి. కత్తిపీటలు పరుచుకుని పాతికమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లకు పెద్ద, మా నల్లగొండ వైపు యాసతో మాట్లాడే ఒక పెద్దమ్మ. మొదటి వంకాయ కోసింది, పురుగు. రెండోది కోసింది, ఇంకో పురుగు. తల పైకెత్తి నన్నే చూసింది.

"గివేం వంకాయలు కొడుకా, పురుగులకు కిరాయికిచ్చినవా?"

చౌరస్తా అంతా నవ్వింది. ఐనా ఆ తల్లులు విసుక్కోలేదు. పుచ్చులు ఏరి పారేసి, మంచి ముక్కలన్నీ పెద్ద డేగిసాలో ఉప్పునీళ్లలో వేశారు. బెండకాయలూ తరిగేశారు. అవతల ఆంటీ ఇంట్లో ఈపాటికి పొయ్యి వెలిగించి ఉంటారు. ఇద్దరు మనుషులు డేగిసా లేపి పొయ్యి వైపు నడిచేసరికి, నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది. అమ్మా, అవి సీమంతానివి అన్నాను. అంతా చెప్పేశాను. ఎవరింట్లో అని పెద్దమ్మ అడిగితే, "మా ఓనరోళ్లు. ఆంధ్రోళ్లు" అన్నాను. మామ ఆకాశం వైపు చూస్తున్నాడు.

పెద్దమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. "ముందుగాల చెప్తే ఏం పోయె? కొట్లాట రాష్ట్రం కోసం. కడుపుతోని ఉన్న పిల్లతోని మనకేం పంచాయితి? ఆమె నోటికాడి కూర మేం తింటే మాకు అరుగుతదా?" అంది. డేగిసాతోపాటు బెండకాయ ముక్కలూ మళ్లీ బండెక్కాయి. సొరకాయలు మాత్రం వాళ్లే ఉంచుకున్నారు (న్యాయమే కదా).

ఇంటికి చేరేసరికి ఆంటీ గేటు దగ్గరే ఉంది. డేగిసాలోకి చూసి ఆమె మొహం వెలిగిపోయింది. కడిగి, కోసి, ఉప్పునీళ్లలో వేసి మరీ తెచ్చావా అని మురిసిపోయింది. అనుకున్న గుత్తొంకాయ కాస్తా ముద్దకూరయింది గానీ, ఒక్క పురుగు కూడా ఆ వంటింటి గడప తొక్కలేదు. పీట మీద ఆ అమ్మాయి కూర మారు పెట్టించుకుంటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. గోడకు చేరబడి తనివితీరా ఊపిరి పీల్చుకున్నాను.

భోజనాలయ్యాక, ఇంత పెద్ద గిన్నె ఎవరిదని ఆంటీ అడిగింది. దాచే ఓపిక లేక చెప్పేశాను. ఆంటీ డేగిసాను తానే కడిగింది. తర్వాత "ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు బాబూ" అని, దాని నిండా పులిహోర పెట్టి, పైన బూరెలు సర్దింది. బందు గొడవలకు జడిసి, పిలిచినవాళ్లకు తప్ప పొద్దుటినుంచీ గేటు తాళం తీయని అంకుల్, తానే తాళం తీసి, ఒక చెయ్యి వేసి డేగిసా బండెక్కించారు. చౌరస్తాలో పెద్దమ్మ బూరె కొరికి, మంచిగనే ఉన్నయంది. పిల్ల తిన్నదా అని అడిగింది. మారు పెట్టించుకుందంటే, కొంగుతో మూతి తుడుచుకుని హాయిగా నవ్వింది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆ వారం నుంచి కాలనీ అంతా మాకే గిరాకీ ఇచ్చింది, ఒక్క షరతు మీద: సీమంతానికి ఇచ్చినట్టే కోసి ఇవ్వాలి. ఫిజిక్స్ సారూ, లారీ ఆఫీసు మామా రోజూ పొద్దున్నే చెరో కత్తిపీట ముందేసుకుని పురుగులు ఏరారు, పొలం యజమాని దాన్ని ప్లాట్లు చేసి అమ్ముకునేదాకా. ఆ కబురు విన్న రోజు మామ కొబ్బరికాయ కొట్టాడు. నేనూ నిశ్చింతగా నిద్రపోయాను.

ఇప్పుడు రైతుబజారులో నిగనిగలాడే వంకాయలు కొంటాను. ఎన్ని కోసినా లోపల ఎవరూ ఉండరు. ఎందుకో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినట్టనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి ఓ పురుగు కనిపిస్తే మాత్రం మా ఆవిడకు చూపించకుండా కిటికీ బయట వదిలేస్తాను. పాత కిరాయిదారు కదా మరి.