చెయ్యెత్తి దాటే మామయ్య

మామయ్య పోయారన్న ఫోన్ వచ్చేసరికి నేను ఆసుపత్రికే బయలుదేరి, తార్నాకలో మెట్రో స్టేషన్ దగ్గర ఎవరో రోడ్డు దాటుతుంటే కారు ఆపి ఉన్నాను. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. దాటే మనిషి అవతలికి చేరేదాకా నేను కదల్లేదు. అలా ఆగడం నాకు నేర్పింది మామయ్యే.

ఆయన మా ఆయన తండ్రి. అనంతపురం వైపు నుంచి యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగానికి వచ్చారు, రిటైరయ్యాక కూడా తార్నాక వదల్లేదు. నేను మల్కాజ్‌గిరి పిల్లను. పెళ్ళయిన కొత్తలో నాకు ఒకటే భయం, స్టీరింగ్ పట్టుకుంటే ఎవరినో ఒకరిని గుద్దేస్తానని. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు లైసెన్సు ఇప్పించారు గానీ ఆ భయం తీయలేకపోయారు. మా ఆయన ఓపిక రెండు రౌండ్లకే అయిపోయింది. అప్పుడు మామయ్య తెల్లవారగానే నన్ను క్యాంపస్ రోడ్ల మీదికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు.

ఆయన పద్ధతే వేరు. పక్క సీట్లో కూర్చునేవారు కాదు. దూరంగా రోడ్డు పక్కన నిలబడి, నన్ను కారు నడుపుకుంటూ రమ్మనేవారు. ఒకసారి దాటేవారు, ఒకసారి దాటేవారు కాదు. ఏం చేస్తారో నేనే కనిపెట్టాలి.

"మీకేమన్న అయితే మీ కొడుక్కి నేనేం చెప్పాలె మామయ్యా?" అన్నాను మొదటిరోజే.

"నాకేమైతాదమ్మా, నడిపేది నువ్వు గదా!"

నా మీద నాకే అంత నమ్మకం లేదు.

"మొగం చూడొద్దు, కాళ్ళు చూడు" అనేవారు. రోడ్డు పక్కనున్నవాడి మడమ లేచిందంటే వచ్చేస్తాడట. పిల్ల చెయ్యి బిగించి పట్టుకున్న తల్లి కూడా వచ్చేస్తుందట. లైటు కొట్టి బెదిరించడం ఆయనకు అస్సలు గిట్టదు. నేను మహా మర్యాదస్తురాలిలా దూరం నుంచే పొమ్మని చెయ్యి ఊపితే విసుక్కునేవారు.

"అద్దం వెనక నీ చెయ్యి ఎవరికి కనపడాలమ్మా? ముందు బండి తగ్గించు. మాట అంటే అదే. చెయ్యి ఆ తర్వాత."

మన ఊళ్ళో రోడ్డు దాటేవాళ్ళంతా చెయ్యెత్తుతారు, ఎత్తి పరుగెత్తుతారు. మామయ్య అలా కాదు. అరచెయ్యి భుజం దాకా ఎత్తి, బండి తగ్గేదాకా నా వైపే చూసి, తగ్గగానే తల తిప్పుకుని నింపాదిగా నడిచేవారు.

"ఒక్కసారన్న మళ్ళ ఇటు చూస్తలేరు! నాకు గుండె ఆగిపోతున్నది."

"ఆగినావని తెలిసినాక మళ్ళీ చూస్తే నిన్ను అనుమానించినట్టు గదమ్మా."

ఇప్పుడు రోజూ హబ్సిగూడ ఆఫీసుకి నేనే నడుపుకుంటూ వెళ్తున్నాను. ఇంతవరకు నా వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. అందులో నా గొప్పేమీ లేదు.

పక్షవాతం వచ్చి మామయ్యకు మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆయన చెప్పినట్టు వినేది. ఆయన పోవడానికి ముందురోజు సాయంత్రం డాక్టర్లు ఊపిరి కోసం మళ్ళీ గొంతులోకి గొట్టం వేయాలన్నారు. అంతకుముందు వేసినదాన్ని ఆయనే పీకేసుకున్నారు. ఒప్పించమని మా ఆయన నన్ను లోపలికి పంపాడు. నా మాటయితే కాదనరని ఇంట్లో అందరి ధీమా. నాకూ ఆయన కావాలి. ఎట్లాగైనా సరే, ఇంకొన్నాళ్ళు కావాలి.

"ఒప్పుకోండి మామయ్యా. కొంచెం ఓర్చుకుంటే ఇంటికి పోదాం" అంటూ మంచం మీదికి వంగాను.

ఆయన అరచెయ్యి లేచింది. భుజం దాకా రాలేదు, దుప్పటి మీద జానెడు లేచింది, అంతే. అది నాకు అర్థం కాకపోతే ఎంత బాగుండేదో. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి, ఆగుతానా లేదా అని.

ఇంకోసారి బతిమాలబోయి ఆగాను. ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ తర్వాత, పొమ్మన్నట్టు చెయ్యి చాపాను.

మామయ్య చెయ్యి దించి, కిటికీ వైపు తల తిప్పుకున్నారు. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయన మళ్ళీ నా వైపు చూడలేదు.