పన్నెండిళ్ళావిడ

కొండమీద ఆ వీధిలో పన్నెండు ఇళ్ళున్నాయి, మనుషులే లేరు. వేసవిలో రెండు నెలలు వచ్చి ఉంటారు, మంచు మొదలయ్యేసరికి కార్లెక్కి దిగిపోతారు. ఆ తర్వాత వీధికంతటికీ ఆమె ఒక్కతే దిక్కు. చుట్టుపక్కల అందరూ ఆమెను పన్నెండిళ్ళావిడ అనేవారు.

ఆమె పనేమిటో చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మరు. లేని మనుషుల్ని ఉన్నట్టు చూపించడమే ఆమె పని. యజమానులకు దొంగల భయం మరి. పొద్దున్నే కొండెక్కి ఇంటింటికీ తిరిగి తెరలు తీసేది, రేడియో పెట్టేది. రోజూ అవే బట్టలు కనిపిస్తే దొంగలు పసిగడతారని తీగల మీద మార్చి మార్చి ఆరేసేది. సాయంత్రం ఆరింటికి దీపాలు వేసి తెరలు మూసేది. పన్నెండు సంసారాలు ఒంటిచేత్తో ఈదుతున్నా ఒక్క అత్తగారి పోరూ లేదని నవ్వేది. నవ్వులాటకేం గానీ, మంచు కమ్మిన రోజున పన్నెండు కిటికీల్లోంచి ఒకే గొంతు వార్తలు చదువుతుంటే ఎంతటివాడికైనా ఒళ్ళు జలదరిస్తుంది. ఆమెకూ లోపల బెరుకు లేకపోలేదు. ఏడో ఇంటి గుమ్మంలో మగవాళ్ళ చెప్పులజత తనే పెట్టింది. అయినా అటు వెళ్ళినప్పుడల్లా ఎవరికో దారిస్తున్నట్టు పక్కకి జరిగి నడిచేది.

ఆమె భర్త కొండకింద బస్సు డిపోలో మెకానిక్. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే పైన ఆ వీధి కనిపిస్తుంది, మంచులోనూ దాని దీపాలు మసగ్గానైనా తెలుస్తాయి. పైన ఫోను పనిచేయదు. మంచు మరీ దట్టమైతే ఆమె అక్కడే ఏదో ఒక ఇంట్లో పడుకుని తెల్లారాక దిగేది. అందుకని ఆలుమగల మధ్య ఓ ఒప్పందం ఉంది. దీపాలు వెలిగితే ఆమె క్షేమంగా ఉన్నట్టు. వెలగకపోతే అతను కొండెక్కి రావాలి. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ ఆ అవసరం పడలేదు.

ఆ రోజు పొద్దుటినుంచే మంచు దట్టంగా ఉంది. ఏడో ఇంట్లో రేడియో పెట్టి, మేడమీద తెరలు తీసి దిగుతుంటే కాలు జారింది. తేరుకునేసరికి కింద నడవలో పడి ఉంది. కుడికాలు తొడ దగ్గర వంకరపోయింది. కదలబోతే ప్రాణం పోయినంత పనైంది.

పదింటికి పైనున్న హోటలుకి పాలవ్యాను వెళుతుంది. చప్పుడు వినగానే, పడిపోయాను, కాలు విరిగింది, ఎవరైనా రండి అని గొంతు చించుకుని అరిచింది. వ్యాను ఆగింది. సరిగ్గా అప్పుడే రేడియోలో నాటకం వస్తోంది. అప్పటికి ఏడు ఇళ్ళలో రేడియో మోగుతోంది, ఏడు ఇళ్ళలోనూ ఎవరో ఆడమనిషి భోరున ఏడుస్తోంది. ఆవిడ రేడియోల సంగతి వ్యాను డ్రైవరుకి తెలియంది కాదు. కాసేపు విని, "ఇవాళ నాటకం బాగా రక్తి కట్టింది" అన్నాడు. ఆ మాట ఆమెకు స్పష్టంగా వినిపించింది. వ్యాను వెళ్ళిపోయింది.

ఆమెకు ఏడుపు రాలేదు, తన మీద తనకే ఒళ్ళు మండింది. పోనీలే, ఆరింటికి వీధంతా చీకటిగా ఉంటుంది, ఆయన చూస్తాడు, వస్తాడు. ఆ ఒక్క ఆశతో నేలమీద పళ్ళ బిగువున పడి ఉంది. బయటికి పాకితే ఆ చలికి గంట కూడా బతకదు. లోపలున్నా తెల్లారేదాకా మిగలనని ఆమెకు తెలుసు.

ఆరైంది. తలుపు పక్క కిటికీ అద్దంలోంచి వీధిలోకి చూస్తోంది. ఎదురింట్లో దీపం వెలిగింది.

తర్వాత దాని పక్కింట్లో. ఆ తర్వాత ఆ పక్కింట్లో. అడుగుల చప్పుడు లేదు, తాళం తీసిన చప్పుడు లేదు. ఎవరో తీరిగ్గా ఇంటింటికీ తిరుగుతున్నట్టు వెలుగు ఒక్కో కిటికీలోకీ వచ్చింది. చివరికి ఆమె నెత్తిమీది దీపం కూడా వెలిగింది.

"ఎవరది?" అంది. అన్నాక, నిజంగానే ఎవరైనా పలుకుతారేమోనని గుండె ఆగినంత పనైంది.

ఎవరూ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంటింటి స్విచ్చిబోర్డులో ఏదో చిన్న పెట్టె బిగించి పోయాడు. ఏమిటని అడిగితే యజమానులు పెట్టించమన్నారని మాత్రం అన్నాడు. అదన్నమాట సంగతి. ఇవాళ్టినుంచి దీపాలు వాటంతటవే వెలుగుతాయి. ఇక ఆమె అక్కర్లేదు, ఆ మాట ఆమె చెవిన వెయ్యాలని పన్నెండుమందిలో ఒక్కరికీ తోచలేదు. కింద ఆయన ఈపాటికి వెలుగు చూసి, మంచుకి పైనే ఉండిపోయిందనుకుని నిశ్చింతగా కూర్చుని ఉంటాడు.

మెయిన్ స్విచ్చి తలుపు పక్కనే ఉంది, కానీ నిలబడితే తప్ప అందదు. గోడకి చేరేసిన బూజుకర్ర కనిపించింది. రెండు మూరలు పాకడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకే తెలియదు. కర్ర చివర స్విచ్చికి తగిలించి లాగింది. జారింది. మళ్ళీ లాగింది. మూడోసారికి ఇల్లు చీకటైంది, రేడియో ఆగింది. వీధిలో మిగతా పదకొండిళ్ళ దీపాలు ఆమెనే చూస్తున్నట్టున్నాయి. ఆయన ఒకసారి చూసి కిటికీ వేసేసి ఉంటే ఇక అంతే సంగతులు. దేవుడా, ఇంకొక్కసారి పైకి చూడనీ అని మొక్కుకుంది.

ఎంతసేపటికో గేటు కిర్రుమంది. అతను తలుపు తోసుకుని వచ్చాడు. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కొత్త బల్బు.

"అన్ని దీపాలు పెట్టినదానివి, ఈ ఒక్కటీ మాడిపోతే చూసుకోవద్దటే?" అంటూ టార్చి వేశాడు. వెలుగు ఆమె కాలిమీద పడింది.

"అవేవీ నేను పెట్టలేదండీ" అంది.

అతను వెనక్కి తిరిగి వీధిలోకి చూశాడు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, రేడియోలు మాట్లాడుతూనే ఉన్నాయి. నెమ్మదిగా ఆమె పక్కన చతికిలబడ్డాడు. బల్బు నేలమీద పెట్టాడు.

"ఈ ఇంట్లో కూడా వెలిగుంటే, నేను భోంచేసి పడుకునేవాణ్ణే" అన్నాడు.