స్విచ్ మీద అరచెయ్యి

వన్ టౌన్‌లోని ఆ రిపేరు కొట్లో పనిచేసే ఆవిడకు ఒక అలవాటుండేది. పని మొదలుపెట్టగానే, బల్లకు కరెంటిచ్చే గోడ స్విచ్ మీద ఎడమ అరచెయ్యి కప్పి ఉంచేది.

టీవీ చానెళ్ల డబ్బా పాతదైంది, పారేయమని కంపెనీవాళ్లంటే నాకు ఒళ్లు మండింది. బడి మెట్లెక్కకపోయినా అన్నీ విప్పి చూసి నేర్చుకున్నవాణ్ణి. డబ్బా పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్లాను.

"ఇదీ బుల్లి కంప్యూటరేనండి బాబాయ్ గారూ. లినక్స్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరుంది, అదెక్కించి కీబోర్డు తగిలిస్తే మీ మాటే వింటుంది" అంది.

ఎక్కించడానికి అయిదు నిమిషాలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే డబ్బా చచ్చినట్టే. అలా ఆవిడ చేతిలో ఒకటి అప్పటికే పోయింది. ఇంకోటి పోతే పనిలోకి రావద్దని యజమాని చెప్పేశాడు.

డబ్బాకున్న ఎర్ర దీపం మిణుకుమంటోంది. ఎక్కడం పూర్తయితే అది పచ్చబడుతుందట. మూడో నిమిషంలో యజమాని వచ్చాడు.

"చెయ్యి తియ్యమ్మా, భోజనానికెళ్లాలి. కొట్టు కట్టేస్తున్నా."

"రెండు నిమిషాలండీ."

"కొట్టు నీదా, నాదా?"

మణికట్టు పట్టుకు లాగాడు. ఆవిడ కదల్లేదు, దీపం మీంచి చూపు తిప్పలేదు. నేను లేచి అడ్డం వెళ్లేలోగా దీపం పచ్చబడింది.

నా డబ్బా బతికింది. ఇవాళ్టికీ పనిచేస్తోంది. ఆవిడను మాత్రం ఎదురు తిరిగిందని ఆ పూటే పంపించేశాడు.

వారం తర్వాత వెళితే ఆ స్విచ్ పైనే కొత్త బోర్డు: ‘పాత డబ్బాలకు లినక్స్ వేయబడును.’

"ఎవరు వేస్తారయ్యా?" అని నిలదీశాను.

"మేమేనండీ" అంటూ, భోజనం వేళైందని స్విచ్ కట్టేశాడు. బల్ల మీద ఎవరిదో డబ్బాలో మిణుకుమంటున్న ఎర్ర దీపం ఆరిపోయింది.