గంటె కాడ ఎటు తిరిగింది

రియాద్‌ల పన్నెండేండ్లు వంట చేసిన. "ఎవల దగ్గర చేసినవే?" అని ఊర్లె అడిగితే "ఒక ఫ్రాన్సు ముసలాయన దగ్గర" అంట. అంతకు మించి చెప్పబుద్ధి కాదు. ఇయ్యాల చెప్తున్న. ఇంక కడుపుల దాచుకునుడు నాతోని కాదు.

మేం ఆయనను ముదీర్ అనేటోళ్ళం. అక్కడ యజమానిని గట్లనే పిలుస్తరు. పడుచు వయసుల ఇంజినీర్ల క్యాంపుల వంటకు వచ్చిండట. ఆ క్యాంపు ఎత్తేసినంక అందరు ఇంటికి పోతే ఈయన ఒక్కడే ఆగిండు. ఒక పాత వ్యాను, నాలుగు గంజులు కొని కేటరింగ్ కంపెనీ పెట్టిండు. కాగితాల మీద పేరు కఫీల్‌ది, అంటే జామీను ఉండే సౌదీ ఆయనది, కష్టం ఈయనది. అల్ ఖర్జ్ దిక్కు డెయిరీ ఫారాలల్ల పనిచేసేటోళ్ళకు మూడు పూటల తిండి మా కిచెన్ నుంచే పోయేది. పెండ్లాం ఆ ఎండలకు తాళలేక ఎన్నడో ఫ్రాన్సుకు వాపస్ పోయిందట. పిల్లల్లేరు. "కంపెనీయే నా బిడ్డ" అనేటోడు, పిచ్చి మారాజు! శుక్రవారం మాతోని కింద కూసొని చేత్తోనే పప్పన్నం తినేటోడు. చింతపండు పులుపు ఆయనకు మేమే అలవాటు చేసినం.

ఆయనకో పట్టుదల ఉండె. పొద్దుగాల బండ్లు కదిలే ముందట, అందరం చూస్తుండంగ, ప్రతి గంజుల తనే చెంచా పెట్టి రుచి చూడాలె. "తయ్యిబ్" అనాలె, అంటే మంచిగుందని. అప్పుడే మూత పడాలె. రాజు చెప్పినా అంతకు ముందు బండి కదలది.

ఒక చలికాలం ఆయనకు పెద్ద జరమొచ్చింది. లేచి తిరుగుడు మొదలుపెట్టినంక, ఒకనాడు నేను పప్పుల ఉప్పేసుడే మర్చిపోయిన. ఆయన చెంచా నోట్లె పెట్టుకొని "తయ్యిబ్" అన్నడు. నాకు ముందు నవ్వొచ్చింది, ఎనకనే భయమైంది. స్టోర్ రూంలకు తీస్కపోయి అడిగితే బియ్యం సంచుల మీద కూలబడ్డడు.

"నాలుక చచ్చిపోయింది సదీక్. వాసన లేదు, రుచి లేదు. ఎవలకు చెప్పకు. వంటోని నాలుక పోయిందంటే కంపెనీ పోయినట్టే."

సదీక్ అంటే దోస్తు. మేమిద్దరం సగం హిందీల, సగం అరబ్బీల మాట్లాడుకునేటోళ్ళం.

ఉపాయం నేనే చెప్పిన. గంజుల గంటె పెట్టి నేను ఎదురుంగ నిలబడ్త. రుచి కుదిరితే గంటె కాడ ఆయన దిక్కు పెడ్త. ఎక్కువ తక్కువైతే నా దిక్కు పెడ్త. అది చూసి ఆయన తయ్యిబ్ అంటడు, లేకుంటే మొఖం చిట్లిస్తడు. నాలుగేండ్లు ఒక్కనాడు తప్పలె. కిచెన్‌ల పురుగుకు సుత తెల్వదు.

గంతల నితాకత్ అని సౌదీ సర్కారు కొత్త కానూన్ వచ్చింది. కంపెనీల ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలె, లేకుంటే కంపెనీకి ఎర్ర రంగు. ఎర్రబడితే మా ఎవల ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ కాదు. దానెనక బయటి దేశపోళ్ళకు మనిషికింత అని సర్కారుకు లెవీ కట్టాలె. పొయ్యిల ముందటికి వచ్చిన సౌదీ పోరలు నెల తిరగకముందే చల్లటి ఆఫీసు పనులు దొరికి పోయిరి, వాళ్ళ తప్పేముంది? ఆ పైసల కోసం ముదీర్ తన కారు అమ్మిండు. ఇల్లు ఖాళీ చేసి కిచెన్ మీది అర్రలకు మారిండు.

ఆఫీసుల హైదరాబాదు క్లర్కు ఒకాయన ఉండె. ఒకనాడు పొద్దుగాల చాయ్ తాగుకుంట నా చెవుల ఊదిండు: "ఇంటికి పంపేటోళ్ళ ఎగ్జిట్ లిస్టు తయారైంది భాయ్. మొదటి పేరు నీదే. ముదీర్ తన చేత్తోనే రాసిండు."

నా నెత్తి మీద పిడుగు పడ్డది. నాదా? నాలుక లేనోనికి నాలుకైన నాదా?

ఆనాడే ఫారంల మేనేజర్లు ముగ్గురు వస్తున్నరు, కాంట్రాక్టు మళ్ళ ఇయ్యాల్నా వద్దా చూడనికి. అది నిలబడితే కంపెనీ ఇంకో ఏడాది నిలబడ్తది. ముదీర్ ఇస్త్రీ అంగి తొడుక్కొని పెండ్లికొడుకు లెక్క వచ్చిండు. నేను కోపంల పప్పుల ఉప్పు రెండుసార్లు వేసిన. అరచేతుల వేసుకొని నాకి చూసిన. నోట్లె పెట్టనియ్యలె. నీళ్ళు పోసి, ఇంకింత పప్పు ఉడకేసి సరిచేసే టైముండె. చెయ్యలె.

కాడ ఆయన దిక్కు పెట్టిన.

ఒక్కసారి ఆయన నలుగుట్ల తల వంచాలె అనుకున్న. అంతే. ఒట్టు, కంపెనీ మునగాలని అనుకోలె.

ముదీర్ చెంచా నిండ మింగి, నవ్వుకుంట "తయ్యిబ్" అన్నడు. ఎనకనే మేనేజర్లు నోట్లె పెట్టుకున్నరు. ఒకాయన సింకుల ఉమ్మేసిండు. ఇంకొకాయన ముదీర్ మొఖంల మొఖం పెట్టి, "దీన్ని నువ్వెట్ల మింగినవ్?" అన్నడు. ఇరవై మంది వంటోళ్ళం చూస్తున్నం. ముదీర్ చెవులు ఎర్రబడ్డయి.

"నాకు రుచి తెల్వదు. నాలుగేండ్లాయె. తప్పు నాదే," అన్నడు.

నా దిక్కు చూడలె. నా పేరు తియ్యలె.

కాంట్రాక్టు పోయింది. నాతోని వండినోళ్ళల్ల కొందరు వేరే కఫీల్ దొరికి పోయిరి, కొందరు ఇకామా లేకుంట నెలలకు నెలలు అర్రలల్ల దాక్కున్నరు. రెండు రోజులకు అదే క్లర్కు మిగిలిన ముక్క చెప్పిండు: "నీ ఇకామాకు నెల రోజులే ఉండె భాయ్. రంగు మారితే ఇరుక్కుంటవని, కాగితాలు మంచిగున్నప్పుడే నిన్ను ముందుగాల పంపుమన్నడు. శుక్రవారం అన్నం తినేటప్పుడు నీకు తనే చెప్తనన్నడు."

"గా మాట ఆనాడే చెప్తే నీ సొమ్మేం పోయిందయా!" అని ఒర్లిన. ఆయనను అని ఏం ఫాయిద? తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది నేను.

ఎగ్జిట్ పడ్డనాడు కాళ్ళు మొక్కి చెప్పుకుందామని మీది అర్రకు పోయిన. ఆయన బట్టలు అట్టపెట్టెల సదురుతున్నడు. "ముదీర్, ఆనాడు..." అన్ననో లేదో, చెయ్యి పట్టుకొని పక్కన కూసోబెట్టిండు.

"నేనే అడుగుదామనుకున్న సదీక్, సిగ్గయింది. ఆనాడు నువ్వు కాడ నీ దిక్కే పెట్టి ఉంటవు. నాకే నా దిక్కున్నట్టు కనబడ్డది. నాలుక పోయింది, ఇప్పుడు కండ్లు సుత పోతున్నయి."

చెప్పాలె. గొంతు దాక వచ్చింది. ఆయన మొఖంల అనుమానం సూది మొనంత లేదు. ఆ నమ్మకాన్ని ఇరగ్గొట్ట బుద్ధి కాలేదని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. అబద్ధం. భయమైంది, అంతే.

"ఇంటికి పోయినంక మొదలు కండ్ల డాక్టరుకు చూపించుకుంట," అన్నడు.

"చూపించుకో ముదీర్," అన్న.