నల్లా వచ్చిన బస్తీలో మొగులయ్య

హిమాయత్ సాగర్ కట్ట కట్టినప్పుడు నీళ్ళకింద పోయిన పొలాల్లో మొగులయ్యది కూడా ఉంది. బదులు భూమి అడగడానికి ఊరంతా కలిసి సర్కారు కచేరీకి వెళ్ళింది. సాబు "ఏం గావాలె?" అనగానే అందరూ ఊరి పెద్ద ముఖం చూశారు. ఆ పెద్దకేమో నోరు పెగల్లేదు. వెళ్ళిన దారినే తిరిగొచ్చారు. తలచుకుంటే మొగులయ్యకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత ఆరాంఘర్ దగ్గర రాళ్ళు కొట్టేవాళ్ళ బస్తీలో చేరాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. పగలు సుత్తి చప్పుడైనా తోడుండేది, పొద్దుగూకితే అదీ లేదు. సాగర్ నీళ్ళు బస్తీ పక్కనుంచే గొట్టంలో పట్నానికి పోయేవి. బస్తీకి మాత్రం చుక్క దక్కేది కాదు. తన పొలాన్ని మింగిన నీళ్ళు తన గడప ముందునుంచే పోతుంటే ఎవడికి మాత్రం కడుపు రగలదు?

అందుకే పంతొమ్మిది వందల నలభై ఆరు ఎండాకాలంలో, సాబును ఎలా అడగాలో నేర్పడానికి, బస్తీ పిల్లలను ఆడా మగా సాయంత్రాలు తన గుడిసె ముందు కూర్చోబెట్టాడు. రోజుకొకరు పెద్ద. తను తట్ట నెత్తిన బోర్లించుకుని సాబు అయ్యేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. నవ్వు ఆగాక అడగాలి, చేతులు కట్టుకోకుండా, నేల చూపులు చూడకుండా, పక్కవాళ్ళ గోడు కూడా కలుపుకుని. ఆ కాసేపటి కోసమే అతను రోజంతా బతికేవాడు.

అందరిలోకి స్వరాజ్యం గట్టి పిల్ల. ఒక్కటే తంటా, ప్రతి మాటకు ముందు అతని ముఖం చూసేది.

"నా మొఖంల ఏముందే?"

"నువ్వు తలూపితె ధైర్యమైతది, తాతా."

ఆ మాట అతనికి ఎంత తియ్యగా తగిలిందంటే, గట్టిగా మందలించలేకపోయాడు.

ఓ రోజు గొట్టం చూడటానికి నిజం సాబే వచ్చాడు. పిల్లలు ఎదురెళ్ళారు. మొగులయ్య ఓ పక్కన నిలబడ్డాడు.

"మా బస్తీకి నీళ్ళ నల్లా గావాలె," అంది స్వరాజ్యం.

"ఎందుకియ్యాలె?"

ఆమె మొగులయ్య వైపు తిరిగింది. ఆమెతో పాటు అందరూ తిరిగారు. మొగులయ్యకు ఊరి పెద్ద గుర్తొచ్చాడు. అచ్చం ఆనాటి కచేరీయే. ఇప్పుడు తలూపితే సరిపోతుంది. రేపు తను లేకపోతే?

గిరుక్కున తిరిగి, వెనక్కి చూడకుండా నడిచి, రాళ్ళగుట్ట చాటుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. మర్నాడు పని దగ్గర కొండల్ అడిగాడు.

"సాబు గద్దించంగనే ఉరికినవేంది, తాతా? స్వరాజ్యం ఒక్కతే నిలబడి మాట్లాడింది. నల్లా ఇస్తమన్నరు."

ఉన్నమాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల మళ్ళీ తన ముఖమే వెతుక్కుంటుంది.

"భయమైందిరా," అన్నాడు.

ఇక పిల్లలు స్వరాజ్యం గుడిసె ముందు కూడటం మొదలుపెట్టారు. నవ్వులు ఇక్కడిదాకా వినిపించేవి. తట్ట మూలన పడి ఉండేది. మొగులయ్యకు అన్నం సయించేది కాదు.

వానలు పడేనాటికి నల్లా వచ్చింది. మొగులయ్య బిందె తీసుకుని, ముసలివాణ్ణి కదా అని, నేరుగా ముందుకు వెళ్ళాడు. వరుస నడిపిస్తున్నది స్వరాజ్యమే.

"ఎన్కకు బో, తాతా. అందరి లెక్కనే వరుసల రా," అంది బిందెల వైపే చూస్తూ.

మొగులయ్య చివరికి వెళ్ళి నిలబడ్డాడు. నేర్పాలనుకున్నది నేర్పాడు. ఆ పిల్ల ఒక్కసారి తన ముఖం చూస్తే బాగుండునని మాత్రం అనిపించింది.