చప్పట్లు కొట్టని పొద్దు

మొన్న ఖమ్మంలో కొత్తగా తెరిచిన బట్టల దుకాణం ముందు, ఎలుగుబంటి వేషం వేసిన మనిషి ఒకడు పిల్లలతో ఫోటోలు దిగుతున్నాడు. మనవరాలు నా కొంగు పట్టి లాగింది. నేను మాత్రం నాకు తెలియకుండానే గట్టిగా చప్పట్లు కొట్టాను. మెచ్చుకున్నాననుకుని పాపం ఆ వేషగాడు వంగి దండం కూడా పెట్టాడు. అవి ఎలుగును పొమ్మనే చప్పట్లని అతనికేం తెలుసు!

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. మా మరిది హైదరాబాదు అవతల ఒక వినోదాల పార్కులో ఎలుగు వేషం వేసేవాడు. దమ్మపేట దాటాక అడవి అంచున పుట్టినవాడు కదా, ఎలుగు నడక అచ్చం దిగిపోయేది. ఆ నడక చూసి ఎవరో విదేశీ సినిమావాళ్లు బ్యాంకాకులో ఆడిషన్‌కు రమ్మన్నారు. తీరా వాళ్లడిగింది ఎలుగు వేషం కాదు, ఎలుగుకు ఎదురుపడిన మనిషి వేషం. మాటలుండవు, ముఖంలో భయం కనిపించాలి, అంతే. సెలవు పెట్టి ఇంటికొచ్చిపడ్డాడు. "ఇన్నేండ్లు ముసుగులనే ఉంటి గద వదినా, నా ముఖానికి పనిచేసుడే రాదు" అంటూ అద్దం ముందు కళ్లు మిటకరించేవాడు, నోరు తెరిచేవాడు. పంటినొప్పి వచ్చినవాడిలా ఉండేవాడు. వెంట తెచ్చిన ఎలుగు వేషపు తలకాయ నాకు తగిలించి మీదికి రమ్మనేవాడు. మా అత్తగారు నవ్వాపుకోలేక పొయ్యి మీద పాలు పొంగించుకునేది. అతను మాత్రం నవ్వేవాడు కాదు. అన్నం సయించేది కాదు. విమానమంటే భయం, కెమెరా ముందు ఉత్త ముఖంతో నిలబడడమంటే ఇంకా భయం. అంత భయం లోపల పెట్టుకుని కూడా పైకి రప్పించలేకపోయాడు.

అది ఇప్పపూలు రాలే కాలం. ఆ తీపికి మేమూ వెళ్తాం, ఎలుగులూ వస్తాయి. అందుకే మా వైపు చెట్టుకు దూరంలోనే ఆగి చప్పట్లు కొడతాం, గట్టిగా మాట్లాడతాం. ఆ పొద్దు మేమిద్దరం గంపలతో వెళ్లాం. చప్పట్లు కొట్టబోతుంటే అతను నా చేయి పట్టి ఆపాడు.

"ఇయ్యాల కొట్టకు వదినా. నిజంగ భయమైతే ముఖం ఎట్లయితదో నువ్వు సూసి చెప్పు."

"ఏంది, పిచ్చి లేసిందా నీకు?" అన్నాను. అప్పటికే ముందుకు నడిచాడు. లాక్కొద్దామని వెనకే పరుగెత్తాను.

చెట్టు కింద పూలు ఏరుకుంటున్న ఎలుగు తలెత్తింది. వెనక కాళ్ల మీద లేచింది. నేను అతని ముఖం చూశాను. అందులో ఏమీ లేదు. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. మనిషి లోపల ఉన్నాడా అనిపించింది. ఎలుగు కంటే ఆ ముఖానికే నా గుండె జారింది. చప్పట్లు కొడదామంటే చేతులు లేవవు. ఎలా లేచాయో, ఎంతసేపు కొట్టానో తెలియదు. అది గుర్రుమంటూ పొదల్లోకి పోయాక కూడా ఆపలేకపోయాను.

ఇంటికొచ్చాక అడిగాడు, ముఖం ఎట్లుందని. ఉన్నదున్నట్టు చెప్పాను. బ్యాంకాకులో ఆ ఖాళీ ముఖంతోనే నిలబడ్డాడట. భయం కనిపించలేదని పంపించేశారు.

"వాళ్లు ఎన్నడు ఎలుగును సూడలె వదినా" అన్నాడు తిరిగొచ్చి. మళ్లీ ఆ తలకాయ తగిలించుకుని పార్కుకే వెళ్లిపోయాడు.

దుకాణం ముందు ఆ వేషగాడు చెమట తుడుచుకోవడానికి తల తీసేదాకా నేను కదలలేదు. లోపల మామూలు ముఖమే, నవ్వుతూ ఉంది. ఇన్నేళ్లలో వయసు నాకొచ్చింది కానీ, ఆ పొద్దుటి భయానికి ఇంకా రాలేదు.