తాత కుట్టిన ఖాకీ గుర్రం

మొన్న మా మునిమనవరాలిని బడిలో పాతగుడ్డలతో ఏదైనా బొమ్మ చేసి తెమ్మన్నారట. సాయం చేద్దామని పక్కన కూర్చున్నాను. కత్తెర కింద గుడ్డ కరకరమనగానే నా మనసు లేచి మెదకులో మా తాత ఇంటి అరుగు మీదికి వెళ్లి కూర్చుంది.

మా అమ్మ తండ్రి దర్జీ. నా ఆరో ఏట, పల్లెల్లో రజాకార్ల భయం ఎక్కువైందని నన్ను శంకరంపేట వైపు నుంచి తెచ్చి ఆయన దగ్గర వదిలారు. వయసులో ఉన్నప్పుడు తాత పెళ్లిపందిళ్ల గుడ్డల మీద ఏనుగులు, నెమళ్లు అతికి కుట్టేవాడట. వాటిని చూడడానికే జనం పెళ్లిళ్లకు వచ్చేవాళ్లని అవ్వ చెప్పేది. అందులో సగం అబద్ధమే అయ్యుంటుంది. నేను వెళ్లేసరికి ఆయన కుట్టేవి ఖాకీ చొక్కాలు, ఖాకీ లాగులు. రజాకార్లు తానులు పడేసి పోయేవాళ్లు; కుట్టనంటే ఊరుకునే రోజులు కావు. పొద్దంతా మిషన్ తొక్కేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఆ వానకాలం చివర యూనియన్ పటాలం వచ్చింది, రజాకార్లు మాయమయ్యారు. మా ఇంట్లో మాత్రం ఒక ఖాకీ తాను మిగిలిపోయింది. సోదాల్లో దొరికితే రజాకార్ల మనుషులంటారని, వాడకట్టంతా ఖాకీ కనబడితే పొయ్యిలో పెడుతున్నారు.

"కాలబెట్టయ్యా," అంది అవ్వ.

"బట్టను కాలబెట్ట నాకు చేతులొస్తలేవే," అన్నాడు తాత.

బయట ముసురు. ఏమీ తోచక నేను ఆ తాను అంచు మీద బొగ్గుతో గుర్రాన్ని గీశాను. తాత చూశాడు. తిడతాడనుకున్నాను.

"అయిదు కాళ్లున్నయేంది బిడ్డా?"

"ఉరుకుతుంది గద తాతా. నాకు గట్లనే కనబడ్డది."

దిద్దుతాడేమోననుకున్నాను. దిద్దలేదు. నా వంకర గీత మీదనే, ఒక్క వంకరా పోకుండా కత్తెర నడిపాడు. ఆ తర్వాత ఎన్ని రోజులు అలా గడిచాయో చెప్పలేను. అన్నీ కలిసి ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. పెంకుల మీద వాన సన్నగా పడేది, చర్చి గంట తడిగాలిలో మెత్తబడి వినిపించేది. బొమ్మల్లో కూరే దూది గాలికి ఎగిరి ఆయన మీసాల మీద వాలేది. నేను గీసేదాన్ని, ఆయన కుట్టేవాడు. అవ్వ పాతచీర అంచుతో ఏనుగుకు రెక్కలొచ్చాయి. "తోక యాడ పెడుదాం?" అని పనినేర్చుకునేవాడిలా నన్నే అడిగేవాడు. తాతకు నవ్వినప్పుడు బుగ్గ సొట్టపడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒక పొద్దున సోదాకు జవాన్లొచ్చారు. మిగిలిన ఖాకీ దొరికింది. తాతను తీసుకుపోయారు.

రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడో నాడు అవ్వ బొమ్మలన్నీ గంపలో పెట్టుకొని, నా చెయ్యి పట్టుకొని, ఆఫీసరు డేరాకు నడిచింది. ఒక గుమాస్తా ఆమె మాటలు ఆయనకు ఉర్దూలో చెప్పాడు.

"బెదిరిచ్చి కుట్టిచ్చుకున్నరు సారూ. వాండ్లు పోయినంక ఆయన కుట్టినవి గివి. జర చూడుండ్రి."

ఆఫీసరు బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరసగా నిలబెట్టాడు. గుర్రం దగ్గర ఆగి వేలితో కాళ్లు లెక్కపెట్టి నావైపు చూశాడు. తాతకు చెప్పిన జవాబే చెప్పాను. గుమాస్తా అది కూడా చెప్పాడు. ఆయన నవ్వలేదు, ఏదో రాసి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి తాతను వదిలారు. గుర్రాన్ని ఆఫీసరు అడిగి ఉంచుకున్నాడు. తాత వచ్చినందుకు సంతోషపడాల్సింది పోయి, నేను గుర్రం కోసం దారి పొడుగునా ఏడ్చాను. తాతకు కోపం రాలేదు.

తర్వాత ఊరు సర్దుకుంది, చొక్కాల పని మళ్లీ మొదలైంది. కానీ చూపు మందగించేదాకా ప్రతి సాయంత్రం మిషన్ మూసేముందు ఎవరూ అడగని బొమ్మ ఒకటి కుట్టుకునేవాడు.

పిల్లలు ఆ ఏడాదిని ఇప్పుడు చరిత్ర పాఠంలో చదువుతున్నారు. నా లెక్కలో అది ఒక ముసలాయన మళ్లీ నవ్వడం నేర్చుకున్న ముసురు కాలం, అంతే. కాలం ఎవరికి ఏది దాచిపెడుతుందో, ఇంత వయసొచ్చినా నాకు అంతుపట్టలేదు.